హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌కి స్కిన్ చేస్తున్నా, రంగుల దగ్గర ఇరుక్కున్నా

దుండిగల్_కుర్రాడు:

అన్నలూ, అక్కలూ, కంప్యూటర్లో యుద్ధవిమానాలు నడిపే గేమ్ డీసీఎస్‌లో స్పిట్‌ఫైర్ మార్క్ 9 కొన్నప్పటి నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం, అదే ఆర్‌ఏఎఫ్‌లో, 152వ నంబర్ స్క్వాడ్రన్‌కి అధికారికంగానే ‘హైదరాబాద్’ అని పేరుండేది. బ్యాడ్జి మీద నిజాం తలపాగా, కింద ‘ఫెయిత్‌ఫుల్ ఆలీ’ అని నినాదం. బర్మాలో వీళ్ల స్పిట్‌ఫైర్ల మీద, పక్కనుండే రౌండెల్ (గుండ్రటి దేశ గుర్తు) మీదుగా దూకుతున్న నల్ల చిరుత బొమ్మ కూడా ఉండేది. పొద్దున లేస్తే నెత్తి మీద ట్రైనర్ విమానాల రొద వినిపించే ఏరియాలో పెరిగినవాణ్ణి, మా ఊరి పేరున్న స్పిట్‌ఫైర్ ఒకటి ఉందని తెలిశాక ఊరుకుంటానా.

స్కిన్ అంటే గేమ్ విమానం మీద పరిచే రంగుల బొమ్మ కదా, దాని టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసుకుని ఫొటోలు ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో కూర్చున్నా. ఇక్కడి నుంచి తలనొప్పి మొదలైంది. నెట్‌లో దొరికిన సైడ్ బొమ్మల్లో ఒకటి గోధుమరంగు-ఆకుపచ్చ, ఇంకొకటి బూడిదరంగు-ఆకుపచ్చ, మూడోది ఎండకి వెలిసిపోయి ఏ రంగో తెలియకుండా ఉంది. అసలు ఫొటోలు చూద్దామంటే అన్నీ బ్లాక్ అండ్ వైట్. పోనీ అని ఒక చార్టులో ‘డార్క్ ఎర్త్’ అనే గోధుమరంగు కోడ్ తీసుకుని యథాతథంగా వేస్తే, గింప్‌లో బాగానే ఉంది కానీ గేమ్‌లో రన్‌వే మీద పెట్టగానే చాక్లెట్ ముద్దలా నల్లగా కనిపిస్తోంది. దానికి తోడు కుడివైపు చిరుత తోకవైపు దూకుతోంది, స్క్వాడ్రన్ కోడ్ ‘యూఎం’ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి.

ఏ బొమ్మని నమ్మాలి, రంగు ఎలా పట్టుకోవాలి? కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్. డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్థితిలో లేను.

మెర్లిన్_మావయ్య:

తమ్ముడూ, ఆ మూడు బొమ్మల్ని పక్కన పడెయ్. ‘152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్’ అనే విమానం లోకంలో లేదు. ఏ విమానం, ఏ నెల, ఏ ఎయిర్‌ఫీల్డ్ అన్నది ముందు తేల్చుకో, సగం రంగులు వాటంతటవే తేలిపోతాయి.

ఆ స్క్వాడ్రన్ ఎక్కడెక్కడ తిరిగిందో చూడు. 1939 అక్టోబర్‌లో యాక్లింగ్టన్‌లో గ్లాడియేటర్ అనే పాత రెండంతస్తుల రెక్కల ఫైటర్లతో మొదలైంది, 1940 మొదట్లో స్పిట్‌ఫైర్ మార్క్ 1 వచ్చింది, ఆ జులైలో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కి దిగి పోర్ట్‌లాండ్ నౌకాస్థావరం వైపు వచ్చే జర్మన్ విమానాలతో తలపడింది. 1942 చివర ఉత్తర ఆఫ్రికా. 1943లో మాల్టా, సిసిలీ, ఇటలీ. ఆ ఏడాది ముగిసేలోపు ఇండియా, అక్కణ్ణుంచి బర్మా యుద్ధం.

ఒక్క 1940నే తీసుకో. పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్ అలాగే ఉన్నాయి కానీ కింద భాగం మాత్రం నెలనెలా మారింది. జూన్ మొదటి వారం దాకా ఒక రెక్క కింద నలుపు, ఇంకో రెక్క కింద తెలుపు. జూన్‌లో మొత్తం ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ రంగు వేయమని ఆర్డర్ వచ్చింది, అప్పుడు రెక్కల కింద రౌండెల్ వద్దన్నారు. ఆగస్టులో మళ్లీ పెట్టమన్నారు. నవంబర్ చివర్లో తోక ముందు 18 అంగుళాల స్కై పట్టీ, ముక్కుకి కూడా స్కై, ఎడమ రెక్క కింద మళ్లీ నలుపు. పైగా ఆర్డర్ వచ్చిన రోజునే అన్ని విమానాలకీ రంగు మారిపోదు కదా, పెయింట్ రావాలి, విమానం ఖాళీగా దొరకాలి. ఇంకోటి, ఆ రోజుల్లో కామోఫ్లాజ్ డిజైన్‌కి ఏ, బీ అని రెండు రకాలు, ఒకటి రెండోదానికి అద్దంలో బింబం. సీరియల్ నంబర్ సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి ఫ్యాక్టరీలో ఏదో ఒకటి వేసేవాళ్లు. అందుకే సీరియల్ నంబర్ తెలియకుండా రెక్క మీద ఒక్క గీత కూడా గియ్యలేవు.

ఇక నీ చిరుత సంగతి. అది బర్మా రోజులది, ఆ విమానం మార్క్ 8. నీ దగ్గరున్నది మార్క్ 9. మార్క్ 8కి తోకచక్రం లోపలికి ముడుచుకుంటుంది, నీదానికి ముడుచుకోదు, గాల్లో చూస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. మార్క్ 9కే కట్టుబడి ఉంటానంటే 152 వాళ్లు 1943లో ఇటలీ వైపు కొన్నాళ్లు మార్క్ 9లు నడిపారు, అది చెయ్, కానీ చిరుత ఉండదు. చిరుతే కావాలంటే పాత గేమ్ ఐఎల్-2 1946లో మార్క్ 8 ఉంది. స్కిన్ 256 రంగుల బీఎంపీ, 1024 పిక్సెళ్లు, అంతే. నీకు చిన్నచూపుగా అనిపించొచ్చు గానీ నా మటుకు నాకు ఆ ఇరుకులో పని చేయడమే ఇష్టం.

సీరియల్ నంబర్ల కోసం లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరస చూడు, స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులన్నీ అందులోనే ఉంటాయి. ఫారం 541లో ఏ రోజు ఏ పైలట్ ఏ సీరియల్ విమానం ఎక్కాడో రాసి ఉంటుంది. పక్కన వేసిన అక్షరం మాత్రం సాధారణంగా రాయరు, దాన్ని ఫొటోతోనో పైలట్ లాగ్‌బుక్‌తోనో కలుపుకోవాలి.

అన్నట్టు హైదరాబాద్ పేరున్నది 152 ఒక్కటే కాదు. 253 ‘హైదరాబాద్ స్టేట్’ స్క్వాడ్రన్ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో హరికేన్ ఫైటర్లు నడిపింది, కోడ్ ఎస్‌డబ్ల్యూ. 110 స్క్వాడ్రన్‌కైతే మొదటి ప్రపంచ యుద్ధంలోనే నిజాం డీహెచ్ 9ఏ బాంబర్లు కొనిచ్చాడు, ఒక్కో విమానం మీద ఆయన బహూకరించినట్టు ఇంగ్లిష్‌లో రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 అన్నది ఇప్పటికీ లండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. బాంబర్ కాబట్టి నీకు పనికిరాదు, ఊరికే చెప్పా.

ప్లాస్టిక్_ప్రసాద్:

మావయ్యగారు చరిత్ర అంతా చెప్పేశారు, నేను ఫొటోల గురించి చెప్తాను. నేను ప్లాస్టిక్ కిట్లు కట్టేవాణ్ణి, మాకూ ఇదే గొడవ. ఒక ఆర్టిస్టు ఊహించి వేసిన బొమ్మని డెకాల్ (కిట్ మీద అతికించే స్టిక్కర్) కంపెనీ నమ్ముతుంది, ఆ డెకాల్‌ని చూసి ఇంకో ఆర్టిస్టు బొమ్మ వేస్తాడు, పదేళ్లు తిరిగేసరికి అదే చరిత్ర అయి కూర్చుంటుంది. నువ్వు చూసిన మూడు బొమ్మల వెనక ఉన్నది ఒకే ఫొటో అయినా నేను ఆశ్చర్యపోను.

బ్లాక్ అండ్ వైట్ ఫొటోని తక్కువ అంచనా వేయకు, కానీ ఏ ఫిల్మ్‌తో తీశారో తెలియకుండా నమ్మకు కూడా. ఆ రోజుల్లో రెండు రకాల ఫిల్మ్ వాడుకలో ఉండేది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనిపించదు. దాంతో తీస్తే ఎరుపు నల్లగా పడుతుంది, పసుపు కూడా బాగా ముదురుగా పడుతుంది, నీలం మాత్రం తేలిపోయి లేత బూడిదలా వస్తుంది. 1940 నాటి కొన్ని ఫొటోల్లో రౌండెల్ చుట్టూ ఉన్న పసుపు వలయం దాదాపు నల్లగా కనిపించడం చూసే ఉంటావు, అదిదే. పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ అయితే మన కంటికి దగ్గరగా ఉంటుంది, పసుపు లేతగా, నీలం ముదురుగా పడతాయి.

బర్మాలో రౌండెల్ వేరే. జపాన్ విమానాల మీద ఎర్ర బిళ్ల ఉంటుంది కాబట్టి మనవాళ్లని మనవాళ్లే కాల్చుకోకుండా ఎరుపుని పూర్తిగా తీసేసి ముదురు నీలం, మధ్యలో లేత నీలం పెట్టారు. అంటే ఫిల్మ్ ఏదో తేల్చుకోవడానికి రౌండెల్‌లో పసుపూ లేదు, ఎరుపూ లేదు. అప్పుడు మనుషుల్ని చూడు. ఎండకి ఎర్రబడిన తెల్లవాళ్ల ముఖాలు మరీ నల్లగా పడి, ఆకాశం కాగితంలా తెల్లగా ఉంటే ఆర్థో అయ్యే అవకాశం ఎక్కువ.

దీంతో నీ చిరుతకి ఒక లాభం ఉంది. నల్ల చిరుత ముదురు నీలం వలయం మీదుగా వెళ్తుంది కాబట్టి పాన్ ఫొటోలో నలుపూ నీలమూ కలిసిపోయి నడుము, కాళ్ల గీత సరిగా కనిపించదు. ఆర్థో ఫొటో దొరికితే నీలం లేతబడుతుంది, చిరుత అంచు మొత్తం తేటగా తెలుస్తుంది. ట్రేస్ చేసుకోవడానికి అలాంటి ఫొటో వెతుక్కో.

ఇప్పుడు అసలు చిట్కా. నీ స్కిన్‌తో విమానాన్ని గేమ్‌లో పెట్టి, ఫొటో ఏ కోణంలో ఉందో అదే కోణంలో, ఎండ అదే వైపు నుంచి పడేలా టైమ్ సెట్ చేసి స్క్రీన్‌షాట్ తియ్. గింప్‌లో ఛానల్ మిక్సర్ తెరిచి మోనోక్రోమ్ పెట్టి, ఎరుపు ఛానల్ సున్నా చేసి, ఆకుపచ్చ, నీలం మాత్రమే ఉంచు. దాదాపు ఆర్థో ఫొటోలా వచ్చేస్తుంది. దాన్నీ అసలు ఫొటోనీ పక్కపక్కన పెట్టు. నువ్వు గోధుమరంగు వేసిన చోట ఫొటోలో ఆకుపచ్చ కంటే బాగా లేతగా ఉంటే అక్కడ ఉన్నది గోధుమ కాదు, ఓషన్ గ్రే అనే బూడిదరంగు అని అనుమానించాలి. ఫొటో పాన్ అనిపిస్తే మూడు ఛానళ్లూ ఉంచి ఇదే పని చెయ్. దీంతో రంగు పేరు నూటికి నూరుపాళ్లు తేలుతుందని చెప్పను గానీ, తప్పుడు రంగులు మాత్రం చాలా త్వరగా బయటపడతాయి.

ఎయిర్ షోల్లో ఎగిరే రీస్టోర్ చేసిన స్పిట్‌ఫైర్లని చూసి రంగు తీసుకోకు. అవి ఇప్పటి పెయింట్లు, తుడిచి తుడిచి మెరుస్తుంటాయి.

పిక్సెల్_పద్మ:

టెక్స్చర్ పని, అంటే 3డీ మోడళ్ల మీద పరిచే బొమ్మలు చేయడం, నా వృత్తే కాబట్టి గేమ్ వైపు సంగతులు నేను చెప్తాను.

నల్లగా పడటానికి కారణం చార్టు కోడ్ ఒక్కటే కాకపోవచ్చు. టెంప్లేట్‌లో నీడల లేయర్ ఒకటి ఉంటుంది, ప్యానెల్ సందుల్లో, రెక్క మొదట్లో ముదురుగా కనిపించేది. దాన్ని మల్టిప్లై మోడ్‌లో రంగు మీద పరిచి ఎక్స్‌పోర్ట్ చేశావనుకో, గేమ్ మెరుపు, నీడల వివరాలుండే రఫ్‌మెట్ ఫైల్ నుంచి తన నీడ తాను మళ్లీ వేసుకుంటుంది. ఒకే నీడ రెండుసార్లు పడుతుంది. ఆ లేయర్‌ని బాగా తగ్గించి చూడు, సగం సమస్య అక్కడే పోతుంది. రఫ్‌మెట్‌లో ఎరుపు ఛానల్ నీడ, ఆకుపచ్చ ఛానల్ గరుకుతనం, నీలం ఛానల్ లోహపు మెరుపు. పాతకాలపు మ్యాట్ పెయింట్ కావాలంటే ఆకుపచ్చని పైకి తీసుకెళ్లి నీలాన్ని దాదాపు సున్నాలో ఉంచు.

చార్టు కోడ్ విషయానికొస్తే, అది చేతిలో పట్టుకున్న చిన్న రంగుముక్కని స్కాన్ చేసి తీసిన సంఖ్య. గేమ్‌లో నువ్వు విమానాన్ని చూసేది కొన్ని మీటర్ల దూరం నుంచి, మధ్యలో గాలి, ఎండ, ధూళి అన్నీ ఉంటాయి. అందుకే కొంచెం లేతగా, కొంచెం నీరసంగా వేసుకోవాలి. ఎంత అని అడగకు, మధ్యాహ్నం మిషన్ ఒకటి, సాయంత్రం మిషన్ ఒకటి పెట్టుకుని రెండింటిలోనూ ఒప్పుకునేలా ఉంటే చాలు. చిరుతకి కూడా సున్నా నలుపు వేయొద్దు, మూడు ఛానళ్లూ 30 దగ్గర ఉంచు. లేకపోతే పక్కన రంధ్రం పడినట్టు ఉంటుంది.

కుడి, ఎడమల గొడవకి చిన్న పరీక్ష. ఖాళీ టెక్స్చర్ మీద గడులు గీసి ప్రతి గడిలో పెద్ద అంకె రాసి గేమ్‌లో ఎక్కించు. ఏ ముక్క విమానం మీద ఎక్కడ పడుతుందో, ఏది తలకిందులైందో, ఏది తిరగబడిందో కళ్లకి కనిపిస్తుంది. తర్వాత చిరుతకి రెండు వేర్వేరు లేయర్లు, ఒకటి ఎడమకి, ఇంకొకటి కుడికి. చిరుతని అడ్డంగా తిప్పేసినా పర్వాలేదు కానీ అక్షరాల్ని మాత్రం తిప్పకూడదు, కుడివైపుకి మళ్లీ టైప్ చేసి పెట్టుకో. ఆ అక్షరాల్ని కంప్యూటర్ ఫాంట్‌తో లాగించేస్తే వెంటనే తెలిసిపోతుంది. స్క్వాడ్రన్‌లో బ్రష్ పట్టుకుని ఎవరో వేసిన అక్షరాలవి, ఫొటో మీద పెన్ టూల్‌తో గీసుకో.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు డీడీఎస్ ఫార్మాట్, అల్ఫా (పారదర్శకత) అక్కర్లేకపోతే డీఎక్స్‌టీ1 కంప్రెషన్, మిప్‌మ్యాప్స్ (దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న సైజు కాపీలు) టిక్ తప్పకుండా పెట్టు, లేకపోతే దూరం నుంచి ప్యానెల్ గీతలన్నీ మిణుకుమిణుకుమంటాయి. గింప్ 2.10.10 నుంచి డీడీఎస్ దానిలోనే ఉంది, ఏదీ కొనక్కర్లేదు. ఫైళ్లని సేవ్డ్ గేమ్స్ లోపల డీసీఎస్, దానిలో లివరీస్, దానిలో స్పిట్‌ఫైర్ పేరున్న ఫోల్డర్, అందులో నీ ఫోల్డర్ చేసి పెట్టు. డిస్క్రిప్షన్ లువా ఫైల్‌లో ప్రతి లైన్ చివర ఫాల్స్ అని ఉంటే నీ ఫోల్డర్‌లో వెతుకుతుంది, ట్రూ అని ఉంటే గేమ్ సొంత టెక్స్చర్లలో వెతుకుతుంది. స్కిన్ సగం వచ్చి సగం రాకపోతే తొంభై శాతం అక్కడే తేడా. ప్రతిసారీ మిషన్ లోడ్ చేయకుండా మోడల్ వ్యూయర్‌లో చూసుకో, టైమ్ కలిసొస్తుంది. ఫైనల్ రంగు మాత్రం గేమ్‌లోనే చూడు.

చివరగా, దయచేసి పెయింట్ ఊడిపోయి అల్యూమినియం బయటపడినట్టు విమానమంతా వెండి మచ్చలు పెట్టకు. కొత్తగా స్కిన్లు చేసేవాళ్లందరికీ అదో సరదా. స్పిట్‌ఫైర్లు అంత కాలం బతికేవి కాదు, మాసిపోయేంత టైమ్ వాటికి ఎక్కడిది.

మెర్లిన్_మావయ్య:

పద్మగారూ, 1940 ఇంగ్లండ్ అయితే మీతో ఏకీభవిస్తాను. బర్మాకి ఆ లెక్క పనికిరాదు. మట్టి రన్‌వేలు, ఆరుబయట పార్కింగ్, ఎండ, ఆపైన వర్షాకాలం. అక్కడ రంగు వెలిసిపోవడం, సుద్దలా అయిపోవడం మామూలే. వెండి మచ్చలు వద్దన్నది నిజమే. కుర్రాడు వేయాల్సినవి వేరే. పైలట్ ఎక్కే ఎడమ రెక్క మొదట్లో బూట్ల అరుగుదల, మెర్లిన్ ఇంజిన్ పొగగొట్టాల వెనక గోధుమ-బూడిద చార, రెక్క కింద తుపాకుల వెనక మసి, చక్రాల వెనక ఎర్రమట్టి చిమ్మిన మరకలు. రెక్క ముందు అంచున మెషిన్‌గన్ రంధ్రాల మీద గుడ్డ అతికించేవాళ్లు, దుమ్ము లోపలికి పోకుండా. కాల్చిన తర్వాత అది చిరిగిపోయి వెనక మసి ఉంటుంది, కాల్చకపోతే శుభ్రంగా ఉంటుంది. రెండూ ఒకే విమానం మీద వేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎవరూ వేయరు. ఈ విమానాలు ఇంగ్లండ్ నుంచి వచ్చేటప్పుడు యూరప్ గుర్తులతో వచ్చేవి, ఇక్కడికొచ్చాక ఎర్ర మధ్యలూ పసుపు వలయాలూ చెరిపి కొత్త రౌండెల్ వేసేవాళ్లు. అంటే కొత్త రౌండెల్ చుట్టూ పాతదాని సైజులో తాజా పెయింట్ మచ్చ ఉంటుంది, చుట్టూ ఉన్న వెలిసిన రంగు కంటే ముదురుగా. తోక మీద ఫ్లాష్ (రంగుల చారల గుర్తు) దగ్గర కూడా అంతే. నీ చిరుత సరిగ్గా ఆ మచ్చ మీదే నిలబడాలి తమ్ముడూ. ఈ ఒక్క లేయర్ వేస్తే మిగతా మురికి సగానికి తగ్గించుకోవచ్చు. ఇంకోటి, 1945 నాటి విమానం ఎంచుకుంటే రెక్కల మీదా తోక మీదా తెల్ల పట్టీలు ఉన్నాయేమో నీ ఫొటోలో చూసుకో, అవి ఉంటే ఏ నెలదో తేల్చుకోవడం తేలికవుతుంది.

పిక్సెల్_పద్మ:

తాజా పెయింట్ మచ్చ ఐడియా బాగుంది, దాన్ని రంగులోనే కాదు రఫ్‌మెట్‌లో కూడా వేయాలి. కొత్త పెయింట్ కొంచెం నునుపుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆకుపచ్చ ఛానల్ ఒక మెట్టు దించు. మామూలుగా చూస్తే తెలియదు, విమానం పక్కకి వాలి ఎండ తగిలినప్పుడు మాత్రం పాత వలయం గుండ్రంగా మెరిసి కనిపిస్తుంది. ఎండకి వెలిసిన విషయంలో మావయ్యగారి మాటే సరే అనుకుందాం, ఫొటో చూపిస్తే.

దుండిగల్_కుర్రాడు:

అందరికీ దండాలు. ఛానల్ మిక్సర్ చిట్కా ఇప్పుడే చేసి చూశా ప్రసాద్ అన్నా, నేను వేసిన గోధుమ-ఆకుపచ్చ రెండూ కలిసిపోయి ఒకటే బూడిద ముద్ద అయ్యాయి, నా దగ్గరున్న ఫొటోలో మాత్రం రెండు రంగుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు ఉంది. ఎరుపు కలిపి చూసినా అంత తేడా రావట్లేదు. అంటే బూడిదరంగు-ఆకుపచ్చ బొమ్మ వైపే మొగ్గుతున్నా. పద్మక్కా, నీడ లేయర్ తగ్గించగానే చాక్లెట్ పోయింది, సూపర్.

మార్క్ 8 కోసం పాత గేమ్‌కి వెళ్లే ఓపిక లేదు మావయ్యా, క్షమించు. మార్క్ 9 మీదే చిరుత వేస్తా, లివరీ (స్కిన్) పేరులోనే ‘మార్క్ 8కి బదులుగా’ అని రాసేస్తా, తోకచక్రం గురించి ఎవరూ నన్ను తిట్టకుండా. ఒక్క డౌట్, మా సర్వర్‌లో ఫ్రెండ్స్ కొందరు బ్రిటన్ వైపు ఆడరు, వాళ్లకి ఈ స్కిన్ లిస్ట్‌లో రావట్లేదు. ఏం చేయాలి?

పిక్సెల్_పద్మ:

వేరే స్కిన్ నుంచి లువా ఫైల్ కాపీ చేసుకున్నట్టున్నావు. అందులో కంట్రీస్ అని ఒక లైన్ ఉంటుంది, యూకే అని రాసి ఉంటుంది చూడు. ఆ లైన్ మొత్తం తీసెయ్, అప్పుడు ఏ దేశం తరఫున ఆడినా లిస్ట్‌లో వస్తుంది. ఫ్రెండ్స్ కంప్యూటర్లలో కూడా అదే ఫోల్డర్ పేరుతో పెట్టించు, పేరు ఒక్క అక్షరం మారినా వాళ్లకి నీ విమానం డిఫాల్ట్ రంగుల్లోనే కనిపిస్తుంది.

మెర్లిన్_మావయ్య:

తోకచక్రం గురించి నేను తిడతా. పేరులో రాసినా సరే. స్క్రీన్‌షాట్ మాత్రం పెట్టు, ఎడమవైపు నుంచి, బ్లాక్ అండ్ వైట్‌లో.